ఐలమ్మ బోణీ చేసిన నైట్ క్లబ్

ప్రతి ఊరికీ ఒక నైట్ క్లబ్ ఉండి తీరాలి! బడి లేకపోతే పిల్లలు పక్క ఊరికి పోయి చదువుకుంటారు. దవాఖాన లేకపోతే హైదరాబాద్ బస్సు ఎక్కవచ్చు. నైట్ క్లబ్ లేని ఊరి గతేమిటి?

నవ్వకండి. నేను సీరియస్‌గానే రాస్తున్నాను. మా సూర్యాపేటకు అలాంటి వరం ఒకటి దక్కింది. దాని మహిమ నాకు తెలిసివచ్చింది మాత్రం మా ఎదురింట్లో ఐస్ ట్రే మీద గొడవ జరిగిన రోజున. మా వంటింటి కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. నేను వినను. వినబడుతుంది.

"నా ఐస్ ట్రే ఏదండీ?" అని అడిగింది శోభ.

"క్లబ్బుల ఉంటది. నిన్న ఐస్ అయిపోతే పట్కపోయిన" అన్నాడు ఆమె భర్త కృపాకర్, రెండో సాక్సు కోసం వెతుక్కుంటూ.

"అందులో ఉన్నది ఐసనుకున్నారా? అల్లం వెల్లుల్లి నూరి గడ్డ కట్టించుకున్నా! నెలంతా కూరల్లోకి!"

మొదటి సాక్సు కూడా చేతిలోంచి జారిపోయింది. "నేను లెమన్ ఐస్ అనుకున్న గదనే..."

"అనుకుని?"

"బ్లూ మాక్‌టెయిల్‌ల ఏసిన."

శోభ పుట్టిల్లు కోదాడ. మామూలప్పుడు మా అందరిలాగే మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం నోట్లోంచి సూర్యాపేట యాస దిగిపోయి కోదాడ ఎక్కుతుంది. "మీకసలు బుద్ధుందా? తాగినాయన బతికే ఉన్నాడా?"

"మంచిగనే ఉన్నడు. జలుబు తగ్గిందన్నడు."

పాఠకులారా, గమనించారా? మహానగరాల్లో క్లబ్బుకు వెళ్లినవాళ్లు ఏసీలో కూర్చుని జలుబు తెచ్చుకుంటారు. మా ఊళ్లో ఉన్న జలుబు తగ్గించి పంపిస్తారు! ఆ రోజు మొత్తానికి వచ్చిన కస్టమర్ ఆయనొక్కడే అన్న చిన్న విషయం ఇక్కడ అప్రస్తుతం.

అసలు ఈ 'లక్కీ నైట్ క్లబ్' పెట్టడంలో కృపాకర్ లెక్క చాలా గట్టిది. హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే సగం జనం మా ఊళ్లో బస్సు దిగుతారు, చాయ్ తాగుతారు, ఒళ్లు విరుచుకుంటారు. "ఒళ్లు ఇర్సుకునెటోడు జర సేపు ఎగరడా?" అన్నది ఆయన సిద్ధాంతం. మా వీధి చివర, హైవే పక్కన టైర్ల షాపు మీది అంతస్తు కిరాయికి తీసుకుని రంగుల లైట్లు, పొగ మిషను, మెత్తటి సోఫాలు, పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టించాడు. మందుకు లైసెన్స్ రాలేదు కాబట్టి నీలంగా ఒకటి, ఆకుపచ్చగా ఒకటి షర్బత్‌లు పెట్టాడు. జనం ఆగారు. చాయ్ తాగారు. ఒళ్లు విరుచుకున్నారు. డ్రైవర్ హారన్ కొట్టగానే ఎగిరి బస్సులో పడ్డారు.

మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు ఆయన ఒకరు కారులో వచ్చారు. కృపాకర్ పరుగున ఎదురెళ్లి పొగ మిషను ఆన్ చేశాడు. ఆయన పొగలోంచి నడుచుకుంటూ పోయి నాలుగు గోడలూ తట్టి చూసి, "తేమ లేదు తమ్మీ. బస్తాలు పెట్టుకోనీకి ఇస్తవా?" అని అడిగారు.

అయినా ఊరికి జరిగిన మేలు తక్కువా? పొగ మిషను దెబ్బకు మా వీధిలో దోమలు పరార్! చుట్టుపక్కల పసిపిల్లలు ఆ తిరిగే లైట్లు చూస్తూ మారాం చేయకుండా బువ్వ తింటున్నారు. పాటల అదురుకు బండి చక్రాల నట్లు వాటంతటవే వదులవుతున్నాయని, పానా పెట్టి విప్పే పనే తప్పిందని టైర్ల షాపతను చెప్పాడు. ఇంత మేలు చేస్తున్న సంస్థ ఊళ్లో ఇంకొకటి చూపించండి!

ఈ మహత్తర కట్టడాన్ని ఊళ్లో చూడని మనిషి ఒకే ఒక్కరు. శోభ. "మనింటి ఆడోళ్లు గసొంటి కాడికొస్తే నలుగురు ఏమనుకుంటరు?" అని కృపాకర్ మొదటి రోజే చెప్పేశాడు. ఆమె ఐస్ ట్రేలు వెళ్లవచ్చు. ఆమె నిమ్మకాయలు వెళ్లవచ్చు. ఆమె పెళ్లినాటి గాజు గ్లాసులు వెళ్లవచ్చు. ఆమె వెళ్లకూడదు. పద్ధతి అంటే అది!

జనం రాకపోతే మీరూ నేనూ ఏమనుకుంటాం? ఈ ఊరికి ఇది పనికిరాదేమో అనుకుంటాం. అందుకే మనం వ్యాపారస్తులం కాలేదు. కృపాకర్ మాత్రం 'అదృష్టం ఎక్కడో ఆగింది' అనుకున్నాడు. వాస్తు ఆయన వచ్చి తూర్పున గుమ్మం పెట్టమన్నాడు. గోడ పగలగొట్టి గుమ్మం పెడితే అది పక్క బిల్డింగ్ పళ్ల డాక్టర్ మెట్ల మీదకు తెరుచుకుంది. ఆ సాయంత్రమే నలుగురు లోపలికి వచ్చి, చెంపలు పట్టుకుని అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టారు. డ్యాన్స్ మొదలైందనుకుని కృపాకర్ సౌండ్ పెంచాడు. పాపం, పన్ను నొప్పి!

ఇంతలో కోదాడ నుంచి శోభ తమ్ముడు లక్ష్మణ్ ఫోన్ చేశాడు. అతనికి అక్కడ ఎరువుల దుకాణం ఉంది. "ఏంటి బావా, డ్యాన్సులు ఎంతవరకు వచ్చాయి? వచ్చే ఆదివారం దాకా చూడు. కుదరకపోతే నేనే వచ్చి తీసుకెళ్తా. యూరియా బస్తాల దగ్గర కూర్చునే మనిషి కావాలి. స్టూలు కూడా ఉంది."

బామ్మర్ది కొట్లో స్టూలు! ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తీయని మనిషికి ఎంత కష్టం వచ్చిందో ఆలోచించండి. ఆ రాత్రి కృపాకర్ అన్నం సరిగా తినలేదు. ఆదివారం లోపల అదృష్టం దొరకాలి. దొరక్కపోతే యూరియా.

అప్పుడు గుర్తుకొచ్చింది ఐలమ్మ.

బోణీ సంగతి మీకు నేను చెప్పాలా? కొట్టు తెరిచిన రోజైనా, మరే రోజైనా మొదటి బేరం మంచి చేతి మీదుగా జరిగితే ఇక తిరుగుండదు. ఆ బేరానికి 'లేదు' అనకూడదు, అడిగింది ఇచ్చి తీరాలి. పెన్‌పహాడ్‌లో గొర్లు కాసే ఇంటి పెద్దావిడ ఐలమ్మ చెయ్యి అలాంటి చెయ్యి. కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు ఆమెను బండి మీద ఎక్కించుకుపోయి మరీ బోణీ చేయించుకుంటారు. కాకపోతే ఒక చిక్కుంది. ఆమె ఏ సరుకు కొంటే ఆ సరుకే అమ్ముడుపోతుంది. కోదాడలో ఒక బట్టల కొట్లో ఆమె తువ్వాల ఒకటి కొన్నదట. ఇవాళ్టికీ అక్కడ పట్టుచీరలు కదలవు, తువ్వాలలు నిలవవు!

కృపాకర్ పెన్‌పహాడ్ వెళ్లి గొర్ల దొడ్డి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"క్లబ్బా? పత్తాలాడే కాడికి నేనెందుకొస్త బిడ్డా?" అన్నది ఐలమ్మ, పేకాట క్లబ్ అనుకుని.

"పత్తాలు కాదవ్వా. డ్యాన్స్."

"ఎవలు చేస్తరు?"

"వచ్చినోళ్లే."

"పైసలెవలిస్తరు?"

"వచ్చినోళ్లే అవ్వా."

ఐలమ్మ చేతిలోని గడ్డి మోపు కింద పెట్టింది. "ఎగిరేది వాళ్లే, పైసలిచ్చేది వాళ్లేనా? మేం బతుకమ్మ ఊకెనే ఆడుతం గదా!" కాసేపు అతని ముఖం చూసింది. "సరే తియ్యి. పరేషాన్‌ల ఉన్నట్టున్నవ్. సోమారం అంగడికి వస్త, అప్పుడు జర మొఖం చూపిస్త."

సోమవారం సాయంత్రం ఆమె ఒక్కతే రాలేదు. అంగడికి వచ్చిన ఆడవాళ్లను నలుగురిని వెంటేసుకుని వచ్చింది. అందరూ మెట్ల కింద చెప్పులు విడిచారు. ఆ చెప్పులు చూసి పైన భజన ఉందనుకుని మరో ఇద్దరు ఎక్కారు.

కృపాకర్ వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. "ఏం కావాలె అవ్వా? నీలంది తాగుతవా, పచ్చది తాగుతవా?"

"ముందుగాల ఆ మోత బందు పెట్టు."

బోణీ బేరం. లేదనకూడదు. స్పీకర్లు ఆగాయి.

"ఆ లైట్లు తిప్పుడు బందు పెట్టు. తలకాయ తిరుగుతున్నది."

లైట్లు ఆగాయి.

"ఇగ జర చాయ పొయ్యి."

క్లబ్బులో చాయ్ లేదు. కింద హోటల్‌కు ఆ రోజు సెలవు. 'లేదు' అంటే అదృష్టం మెట్లు దిగిపోతుంది, ఆదివారం యూరియా వస్తుంది. కృపాకర్ ఇంటికి ఫోన్ చేశాడు. "శోభా! జర్రంత చాయ పెట్టి, ఫ్లాస్క్‌ల పోసుకొని ఉరికి రా!"

"నేనా? అక్కడికా? నలుగురు ఏమనుకుంటరు?"

"ఆ నలుగురే అడుగుతున్నరే!"

అలా శోభ తన భర్త క్లబ్బులో మొదటిసారి కాలు పెట్టింది. చల్లటి గాలి, మెత్తటి సోఫాలు చూసింది. బల్ల మీద తన ఐస్ ట్రేలు, తన గ్లాసులు వరుసగా ఉన్నాయి. చాయ్ పోసింది. పోసి, తిరిగి వెళ్లకుండా తనూ కూర్చుంది.

ఐలమ్మ కాళ్లు సోఫా మీదికి లాక్కుని చాయ్ తాగింది. "సూర్యాపేటకు చిన్నప్పటి సంది వస్తున్న. ఎవలో ఒకలు లేపకుండ కూసున్నది ఇయ్యాల్నే" అన్నది. కొంగు ముడి విప్పి చాయ్ పైసలు కృపాకర్ చేతిలో పెట్టింది. అతను వాటిని కళ్లకద్దుకున్నాడు.

ఆమె చెయ్యి మామూలు చెయ్యి కాదండీ! మర్నాడు సాయంత్రం నాలుగయ్యేసరికి మెట్ల నిండా ఆడవాళ్ల చెప్పులే. చిలుకూరు బస్సు కోసం చూసేవాళ్లు, పిల్లల ట్యూషన్ అయ్యేదాకా రోడ్డు మీద నిలబడే తల్లులు, కూరగాయల సంచులతో సహా మా వీధివాళ్లు. పళ్ల డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్లయితే తూర్పు గుమ్మంలోంచి నేరుగా! శోభ చాయ్ పెట్టింది. దగ్గుతున్నవాళ్లకు తన అల్లం వెల్లుల్లి గడ్డ వేసి వేడి చారు కాచి, పొడుగు కాడ ఉన్న మాక్‌టెయిల్ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని నేను కూడా ఒకసారి అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉన్నాను.

మా ఊళ్లో ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లేదని మాత్రం అనుకోకండి. బోలెడున్నాయి! దవాఖానలో కూర్చోవచ్చు, జ్వరం తెచ్చుకుంటే చాలు. గుడిలో కూర్చోవచ్చు, ప్రదక్షిణలయ్యాక, కాసేపు. బస్టాండ్‌లో కూర్చోవచ్చు, 'ఎక్కడికమ్మా, ఒక్కదానివేనా' అని అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పే ఓపిక ఉంటే. పాపం, మగవాళ్లకే ఏమీ లేవు! ఏవో హోటళ్లు, చాయ్ బండ్లు, పాన్ డబ్బాలు, షాపుల ముందు బల్లలు, వంతెన గోడలు, ఆగివున్న ప్రతి మోటార్ సైకిల్ సీటూ. అంతే కదా?

ఏడున్నరకు మేమంతా వంటలకు లేచిపోయేవాళ్లం. ఎనిమిదికి కృపాకర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సౌండ్ పెంచి, లైట్లు తిప్పి నిలబడేవాడు. అతని ఎదుట ఖాళీ గ్లాసులు, ఎవరో మరిచిపోయిన తోటకూర కట్ట.

ఆదివారం మధ్యాహ్నం లక్ష్మణ్ వచ్చాడు. భోజనాలకు కూర్చున్నారు. మా కిటికీ తెరిచే ఉంది.

"రెడీయేనా బావా? స్టూలు తుడిపించి పెట్టా" అన్నాడు లక్ష్మణ్, పప్పు కలుపుకుంటూ.

కృపాకర్ తల ఎత్తాడు. "నేను రాను. నాకు అదృష్టం పట్టింది, ఊరంత చూస్తున్నది. ఇగ నా నిర్ణయం చెప్తున్న, అందరు ఇనుండ్రి. రేపటి సంది రాత్రి ఎనిమిదయినంకనే తలుపు తీస్త. పొద్దుగూకక ముందే ఆడోళ్లు సోఫాలు పట్టుకుంటున్నరు. వాళ్లను చూసి మొగోళ్లు జంకుతున్నరు. నైట్ క్లబ్బు నైట్ క్లబ్బు తీరుగనే ఉండాలె."

శోభ అతని కంచంలో చారు పోసింది. "మంచిది. ఒక్కటి చెప్పండి. ఐలమ్మ బోణీ దేనికి చేసింది?"

"క్లబ్బుకు."

"క్లబ్బుల ఏం కొన్నది?"

కృపాకర్ ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. కోదాడ బట్టల కొట్టు, కదలని పట్టుచీరలు, నిలవని తువ్వాలలు అన్నీ అతని కళ్ల ముందు తిరిగినట్టున్నాయి.

"చాయ్, డాడీ" అన్నది కూతురు నిఖిత, ఎవరూ అడగకుండానే.

"ఆ చాయ్ ఎవరు పెట్టిండ్రు?" అని అడిగింది శోభ.

"అయిపోయావు బావా!" అని లక్ష్మణ్ పొలమారి దగ్గాడు.

శోభ నోట్లో కోదాడ ఎక్కలేదు. సూర్యాపేటలోనే, నెమ్మదిగా మాట్లాడుతోంది. కృపాకర్ భయపడింది దానికే.

"రేపటి సంది పగటి అన్నాలైనంక క్లబ్బు తాళం నేను తీస్త. ఎనిమిదికి మీ చేతికిస్త. అటెన్క మీరు ఎగిరినా, ఎవరినన్న ఎగిరించినా మీ ఇష్టం. బోణీ నా చాయ్‌కి అయింది. కాదంటే అనుండ్రి, ఐలమ్మను పిలిచి అడుగుదాం."

కాదనడానికి కృపాకర్‌కు గుండె చాలలేదు. అదృష్టం అంటే అతనికి అంత భక్తి. నల్ల కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, చిన్న గొంతుతో అడిగాడు.

"మరి ఎనిమిది దాక నేను యాడ కూసోవాలె?"

శోభ పెరుగు గిన్నె అతని ముందుకు జరిపింది. "ఇల్లున్నది గదా? ఇన్నేండ్లు నేను కూసోలేదా? ఊకె కూసునుడు కష్టమైతే, ఐస్ ట్రే ఖాళీగనే ఉన్నది. ఎల్లిగడ్డలు బుట్టల ఉన్నయి. పొట్టు తీసి, అల్లంతోటి మెత్తగ నూరి, నింపి పెట్టండి."