వంకపల్లి మోరీ ప్రశ్న

ఆ బుధవారం పొద్దున తలంటు పోసుకుందామని వంకపల్లిలో ఊరి లెక్కలు రాసే శానుభోగు కేశవమూర్తి నూనె గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో బాగేపల్లి తాలూకా కచేరీ జవాను ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. అది చదివేసరికి ఆయనకు నూనె రాయకుండానే ఒళ్లంతా తడిసిపోయింది.

దసరాకు మైసూరులో ప్రజాప్రతినిధి సభ కూడుతుంది. అక్కడ తమ వైపు సభ్యుడు, శెనక్కాయల వ్యాపారి రామకృష్ణప్ప, వంక మీద బండ్లు దాటడానికి కట్టాల్సిన చిన్న వంతెన గురించి ఒక ప్రశ్న అడగబోతున్నాడు: "వంకపల్లి వంకకు మోరీ మంజూరై మూడేళ్లయినా ఎందుకు కట్టలేదు?" ఆ ప్రశ్నను సర్కారు జిల్లాకు, జిల్లా తాలూకాకు పంపాయి. తాలూకా అధికారి అయిన అమల్దారు దాని కింద "శానుభోగు జవాబు రాయవలెను" అని గీకి ఇక్కడికి తోసేశాడు. ఇంతవరకూ అంతా పద్ధతిగానే ఉంది. కాకపోతే, చదువు అంతంతమాత్రమైన రామకృష్ణప్పకు ఆ ప్రశ్న రాసిచ్చింది కేశవమూర్తే.

"నాగరత్నా, కొంప మునిగింది! ప్రశ్న నేనే రాస్తి, జవాబూ నేనే రాయల్లంట. అమల్దారుకు తెలిస్తే ఉద్యోగం పోతాదే!"

"కట్టలేదని నిజం రాసేయండి," అంది భార్య.

"నిజం రాస్తే అమల్దారుకు కోపం. కట్టినామంటే రామకృష్ణప్పకు కోపం."

నాలుగు తరాలుగా ఇంట్లో ఉన్న ఉద్యోగం తన చేతుల్లో పోతుందేమోనని ఆయనకు నిజంగానే దడ పుట్టింది. చివరికి ఎవరికీ కోపం రాకుండా "పని జరుగుతున్నది" అని రాసి పంపాడు.

ఐదోనాడు అమల్దారు కబురు వచ్చింది. చాలా సంతోషమట. శుక్రవారం వచ్చి ఆ జరుగుతున్న పనిని చూస్తాడట.

కేశవమూర్తికి అన్నం సహించలేదు. తలారి బయ్యప్పను బతిమాలి వంక గట్టున రాళ్లు కుప్ప పోయించాడు.

"యాడికప్పా ఈ రాళ్లు? ఏం కడతాండారు?" అని రైతు పిళ్ళప్ప అడిగాడు.

"నాకేం తెలుసు? ఎవురికీ చెప్పొద్దన్యాడు సామి," అన్నాడు బయ్యప్ప.

చెప్పొద్దన్నారంటే అది బండ్లకు సుంకం వసూలు చేసే గేటేనని సాయంత్రానికల్లా ఊరు తేల్చేసుకుంది. శుక్రవారం అమల్దారు వచ్చేసరికి ముప్పై బండ్లు, వంద మంది జనం గేటు వద్దని దండం పెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు.

అమల్దారు రాళ్లనూ బండ్లనూ జనాన్నీ చూసి పొంగిపోయాడు.

"భలే! మోరీ పనికి ఇంతమందా! రేపే మేస్త్రీని, గారనూ పంపిస్తాను. దసరాలోపల ముగించండి, అప్పుడింక ప్రశ్నే ఉండదు. ముగియలేదో, ఆ ప్రశ్న రాసిచ్చిందెవడో నేనే కనుక్కుంటా!"

గేటు కాదు, మోరీ అని తెలిసి ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరంలో అందరూ తలా ఒక చెయ్యి వేశారు. రాయి రాయికీ కేశవమూర్తి దేవుణ్ణి తలుచుకుంటూ పక్కనే నిలబడ్డాడు. పన్నెండు రోజుల్లో మోరీ లేచింది. ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నాడు.

మర్నాడు రామకృష్ణప్ప రొప్పుతూ వచ్చాడు.

"ఏం పని చేస్తిరి సామీ! మోరీ కట్టేస్తే సభలో నేనేం అడిగేది? కొత్త కోటు కుట్టించుకొంటి, బాగేపల్లంతా చెప్పుకొంటి! ప్రశ్నలు పంపేదానికి ఇంకా రెండు దినాలుండాయి. ఇంకొకటి రాసియ్యండి."

కాదనే ధైర్యం లేక కేశవమూర్తి కలం తీశాడు.

ఈసారి ప్రశ్న పక్కనున్న చింతామణి తాలూకా గురించి రాశాడు.