రక్షణాధికారి గారి నవ్వు

సోమవారం ఉదయం నుంచి మన పాఠశాలలో వేధింపులు రద్దు చేయబడ్డాయి. రద్దు ఉత్తర్వును ప్రధానోపాధ్యాయురాలు స్వయంగా మైకు ముందు నిలబడి చదివారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే ఏడో తరగతి వరుసలో ఒక పిల్ల జడ పట్టుకుని ఎవరో లాగారు గానీ, ఉత్తర్వు ఇంకా నోటీసు బోర్డుకు ఎక్కలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఇంత గొప్ప నిర్ణయం ఊరికే రాలేదు. ఏడో తరగతిలో ఈ ఏడు కొత్తగా చేరిన ఆ పిల్లది బొంగురు గొంతు. చేరిన వారానికే క్లాసు ఆ సంగతి కనిపెట్టింది. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పలకగానే వెనక బెంచీల్లో ఒక కప్ప బెకబెకమనేది. దానికి మధ్య బెంచీల్లోంచి ఇంకో రెండు వంత పాడేవి. త్వరలోనే క్లాసు క్లాసంతా చెరువైపోయింది. దాంతో ఆ పిల్ల పలకడం మానేసింది. పలకనివాళ్లు రానట్టే లెక్క, బడి పుట్టినప్పటి నుంచీ ఉన్న నిబంధన అది. కనుక మొదటి బెంచీలో, టీచరు ముక్కుకు ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల నెల పొడుగునా బడికి రాలేదు. మీ అమ్మాయి బడి ఎగ్గొడుతోందని ఇంటికి కబురు వెళ్లింది.

తల్లి దర్జీపని చేస్తుంది. మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది.

"మా పిల్ల రోజూ వస్తోందండీ. గొంతే రావట్లేదు," అంది. "ఇంట్లో కూడా సైగలే. పడుకోబోయే ముందు తమ్ముడికి కథలు చెప్పేది. ఇప్పుడు వాడు దీని గడ్డం పట్టుకుని ఊపుతూ 'అక్కా చెప్పవే, చెప్పవే' అని బతిమాలుతుంటే చూడలేకపోతున్నానండీ. నాకు ఇంకేమీ వద్దు. దాని గొంతు దానికి ఇప్పించండి చాలు."

ప్రధానోపాధ్యాయురాలు, అందరూ పెద్ద మేడం అంటారు, చలించిపోయారు. ఆవిడ చలిస్తే సంఘం పుడుతుంది. వెంటనే వేధింపు నిరోధక సంఘం ఏర్పడింది. అందులో పెద్ద మేడం, డ్రిల్లు మాస్టారు సభ్యులు. డ్రాయింగు మాస్టారు ఆ గదిలో కుర్చీలు సర్దడానికి వెళ్లాడు. కూర్చున్నవాళ్లు ఇద్దరే ఉన్నారని, ఇద్దరుంటే సంఘం అనరని, ఆయన్నీ కూర్చోమన్నారు. ఆయన సర్దిన కుర్చీల్లో ఆయనకు చోటు దొరకడం అదే మొదటిసారి.

సంఘం మొదట వేధింపు అంటే ఏమిటో తేల్చింది. ఇద్దరూ నవ్వితే అది స్నేహం. ఒకరు నవ్వి ఇంకొకరు నవ్వకపోతే అది అపార్థం. ఎవరూ నవ్వకపోతే, అప్పుడు మాత్రమే, అది వేధింపు. ఎవరికీ నవ్వురాని వేధింపు మన బడిలో జరిగిన దాఖలా లేదని డ్రిల్లు మాస్టారు సగర్వంగా ప్రకటించారు. కాబట్టి ఆ పిల్లది అపార్థం కింద తేలింది.

తరవాత చర్యలు చకచకా సాగాయి. రోజూ ఉదయం చేయించడానికి ఒక ప్రతిజ్ఞ తయారైంది. దాన్ని చదవడానికి మంచి గొంతున్న పిల్లను వెతికారు. ఏడో తరగతి లీడరుది వేణువులాంటి గొంతు. మొట్టమొదటి కప్పా ఆ అమ్మాయే, కానీ కళను కళగా చూడాలి కదా. "నేను ఎవ్వరినీ నొప్పించను" అని ఆ అమ్మాయి రాగయుక్తంగా అంటుంటే పెద్ద మేడం కళ్లు చెమర్చేవి. భయం లేకుండా ఫిర్యాదు చేసుకోవడానికి ప్రతి క్లాసులో ఒక పెట్టె పెట్టించారు. పెట్టెకు తాళం, తాళానికి చెవి, చెవికి లీడరు.

మిగిలింది అపార్థాన్ని స్నేహంగా మార్చే పని. దానికో అధికారి కావాలి. డ్రాయింగు పీరియడ్లను ఎలాగూ లెక్కల వాళ్లే వాడుకుంటున్నారు గనుక డ్రాయింగు మాస్టారికి తీరిక ఉందని తేలింది. ఆయన్ను విద్యార్థి రక్షణాధికారిగా నియమించారు. జేబుకు తగిలించుకునే బిళ్ల కూడా ఇచ్చారు. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించాడు. ఆవిడ బిళ్లను చూసింది, మొగుణ్ణి చూసింది.

"బాగుంది. మరి మిమ్మల్నెవరు రక్షిస్తారట?" అంది.

ఆయన నవ్వేశాడు. నవ్వేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆయన తల నున్నగా, వెంట్రుక అనేది లేకుండా ఉంటుంది. ఆ కారణంగా స్టాఫ్ రూములో ఆయన పేరు దువ్వెన. రోజూ ఉదయం డ్రిల్లు మాస్టారు వెనకనుంచి వచ్చి, లేని దువ్వెనతో ఆ తల దువ్వి, "ఇవాళ పాపిడి ఎటు తీయమంటారు బావగారూ?" అని అడుగుతారు. గది గొల్లుమంటుంది. డ్రాయింగు మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వుతాడు. సంఘం లెక్క ప్రకారం ఇంతకంటే గాఢమైన స్నేహం ఇంకోటి ఉండదు. ఈ స్నేహం మూలంగా ఆయనకు ఉదయం పూట కాఫీ గొంతు దిగడం మానేసి చాలా ఏళ్లయింది గానీ, ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

అలాంటి అనుభవజ్ఞుడి చేతికి ఆ పిల్లను అప్పగించారు. ఎండిపోయిన రంగు గిన్నెల మధ్య, విరిగిన బొమ్మల స్టాండు పక్కన శిక్షణ మొదలైంది.

"కూర్చో తల్లీ. వాళ్లు కప్పలా అరిస్తే నువ్వేం చేస్తున్నావ్?"

పిల్ల తల దించుకుంది.

"ఇదిగో, ఇదే తప్పు. తల దించావంటే దొరికిపోయినట్టే. నవ్వాలి. అయితే నవ్వు ఎప్పుడొస్తుందనేది ముఖ్యం. ఆలస్యంగా వస్తే ఏడుపని తెలిసిపోతుంది. మరీ ముందొస్తే భయమని తెలిసిపోతుంది. వాళ్ల నవ్వుతో పాటే రావాలి. భుజాలు కాస్త కదలాలి. కళ్లు మాత్రం వాళ్లకివ్వకు, కిటికీ వైపు పెట్టుకో. కళ్లు నవ్వవు, వాటితోనే వస్తుంది చిక్కంతా."

పిల్ల ఆయన వైపు చాలాసేపు చూసింది.

"మీకెలా తెలుసు మాస్టారూ?" అంది.

బడిలో నెల తరవాత ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. తల్లి అడిగిన గొంతు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. రక్షణాధికారి దాన్ని గమనించలేదు. పాఠంలో ములిగిపోయి ఉన్నాడు.

"అనుభవం తల్లీ, అనుభవం. ఏదీ, భుజాలు కదుపు."

పిల్ల చురుకైనది. నాలుగు రోజుల్లో పెదాల నవ్వు పట్టేసింది. ఆ పై వారానికి కడుపులోంచి వచ్చినట్టు కనిపించే నవ్వు కూడా వచ్చేసింది. అది సరిగ్గా కుదిరిన రోజున మాస్టారు దాన్ని గుర్తుపట్టాడు. ఆ నవ్వును ఆయన రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తాడు. అయినా శిక్షణ ఆపలేదు. ఆఖరి పాఠం కూడా చెప్పేశాడు: వాళ్లు కప్పలా అరిచేలోగా నువ్వే అరిచెయ్యి, ఇక వాళ్లకు చేయడానికేమీ మిగలదు.

మర్నాడు హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి బెకబెకమంది. క్లాసు పగలబడి నవ్వింది. పిల్లా నవ్వింది. టీచరు కళ్లు తుడుచుకుంటూ హాజరు వేశారు. గైర్హాజరు సమస్య, అపార్థం సమస్య ఒకే అరుపుతో తీరిపోయాయి. పెద్ద మేడం ప్రార్థనలో ప్రసంగించారు.

"నవ్వు ఒక దీపం! ఆ దీపాన్ని మన బడి వెలిగించింది! ఈ చిన్నారి కప్ప... క్షమించాలి, ఈ చిన్నారి పాప మనందరికీ ఆదర్శం!"

ఆ వారంలోనే తల్లి మళ్లీ వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికే అనుకుని డ్రాయింగు మాస్టారు బిళ్ల సరిచేసుకున్నాడు.

"మాస్టారూ, భోజనానికి పిలిస్తే బెకబెకమంటోంది," అందావిడ. "తమ్ముడు కథ అడిగినా బెకబెకమంటోంది. వాడు మొదట్లో నవ్వాడండీ. ఇప్పుడు దాని దగ్గర పడుకోనని నా పక్కలోకి వచ్చేస్తున్నాడు. నేను కొట్టబోతే కూడా నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే నాకు దడ పుడుతోంది." ఆయన జేబుకున్న బిళ్లను చూస్తూ అడిగింది, "ఈ విద్య మీకెవరు నేర్పారు మాస్టారూ?"

ఆయన నవ్వాడు. సమయానికే వచ్చింది, భుజాలు కూడా కదిలాయి. ఆవిడ నవ్వలేదు. తన నవ్వు గదిలో ఒంటరిగా మిగిలిపోవడం ఆయన ఎన్నడూ ఎరగడు. బడి ఎదుట రోడ్డు మీద నిలబెట్టి ఎవరో బట్టలు విప్పినంత సిగ్గేసింది.

మర్నాడు ఉదయం స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు వెనకనుంచి వచ్చి తల దువ్వడం మొదలుపెట్టారు. "ఇవాళ పాపిడి ఎటు బావగారూ?"

"వద్దండీ," అన్నాడు డ్రాయింగు మాస్టారు. "నాకు బాధగా ఉంటుంది."

గది గొల్లుమనలేదు. సైన్సు టీచరు చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. డ్రిల్లు మాస్టారి పెదవి వణికింది.

"నేనేమన్నానండీ ఇప్పుడు? సొంత మనిషిలా చూసుకున్నందుకా? ఇన్నేళ్లూ లేని బాధ ఇవాళ ఎక్కణ్ణించి ఊడిపడిందండీ?" అంటూ కుర్చీలో కూలబడ్డారు. ఒకరు మంచినీళ్లిచ్చారు. ఇంకొకరు పుస్తకంతో గాలి విసిరారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. డ్రాయింగు మాస్టారి కళ్లల్లోనూ తిరిగాయి గానీ, అటు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఎవరూ నవ్వని సంఘటన బడి చరిత్రలో అదే మొదటిది. నిర్వచనం ప్రకారం అది నిఖార్సయిన వేధింపు. ఆ పిల్ల విషయంలో పుట్టడానికే నెల పట్టిన సంఘం ఈసారి ఇంటర్వెల్లు గంట కొట్టేలోగానే సమావేశమైంది. ముందస్తు హెచ్చరిక లేకుండా నవ్వు ఉపసంహరించుకుని తోటి ఉద్యోగికి మనస్తాపం కలిగించినందుకు డ్రాయింగు మాస్టారి దగ్గర బిళ్ల వెనక్కి తీసుకున్నారు. ఆ పదవిలో, బాధితుడిగా అనుభవం ఉన్నందున, డ్రిల్లు మాస్టారిని నియమించారు. వార్షికోత్సవం నాడు పై అధికారి సమక్షంలో డ్రాయింగు మాస్టారు క్షమాపణ చెప్పాలని, స్నేహానికి గుర్తుగా ఆయన తలను వేదిక మీద దువ్వాలని తీర్మానించారు. దూరానికి కనిపించాలి కాబట్టి నిలువెత్తు అట్ట దువ్వెన కావాల్సి వచ్చింది. దాన్ని కత్తిరించి రంగులు వేసే పని డ్రాయింగు మాస్టారికే అప్పగించారు. ఆయన చక్కగా వేశాడు.

వార్షికోత్సవానికి హాలు కిటకిటలాడింది. ముందు వరుసల్లో తల్లిదండ్రులు, అంటే మనం, కూర్చున్నాం. డ్రాయింగు మాస్టారు మైకులో క్షమాపణ చదివి తల వంచాడు. అట్ట దువ్వెన పైకి లేచింది. "పాపిడి ఎటు బావగారూ?" అని మైకు గర్జించింది. పై అధికారి పొట్ట పట్టుకున్నారు. మనం పడీపడీ నవ్వాం. నవ్వాల్సిందే కదా, పిల్లలు చూస్తున్నారు.

"ఇందులో నవ్వడానికేముందండీ?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఏడో తరగతి వరుసలో ఆ పిల్ల లేచి నిలబడి ఉంది. బొంగురు గొంతుకు మైకు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

"మాస్టారికి ఏడుపొస్తోంది. నాకు తెలుసు. ఆయన కళ్లు కిటికీ వైపు పెట్టారు."

మన వరుసలో ఉన్న పిల్ల తల్లి నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. ఆ పిల్ల కప్పలా అరవలేదు, నవ్వలేదు. అన్నన్ని మాటలు వరసగా ఆ పిల్ల మాట్లాడటం ఎన్నాళ్ల తరవాతో. మాట్లాడినవి తనకోసం కూడా కాదు. పై అధికారి ఇబ్బందిగా కదిలి వేదిక మీదికి తిరిగారు.

"ఏమండీ మాస్టారూ, మీకేమైనా బాధగా ఉందా?"

అవునంటే చాలు. ఆ ఒక్క మాటతో పిల్ల గొంతు పిల్లకు దక్కుతుంది. కాదంటే ఇంతమందిలో తెలివితక్కువది అదొక్కతే అవుతుంది. ఆయనకు ఇదంతా తెలుసు, స్పష్టంగా తెలుసు. నోరు తెరిచాడు. గొంతు దాకా వచ్చిన మాట వచ్చినట్టే ఉండిపోయింది. ఏళ్ల తరబడి సాధన చేసింది మాత్రం దానంతటదే వచ్చేసింది. భుజాలు కదిలాయి.

"అబ్బే! సరదాకేనండీ. చిన్నపిల్ల, దానికేం తెలుసు?" అని నవ్వాడు.

అమ్మయ్య అనుకున్నాం. ఆయన ఇంకో మాట అని ఉంటే ప్రతి ఒక్కరం ఇంటికెళ్లి మన పిల్లల్ని ఒకటి రెండు సంగతులు అడగాల్సి వచ్చేది. వాళ్లేం చెబుతారో వినాల్సి కూడా వచ్చేది. ఆ శ్రమ తప్పించిన మనిషికి లేచి మరీ చప్పట్లు కొట్టాం. పై అధికారి బడికి ఉత్తమ స్నేహపూర్వక వాతావరణ పురస్కారం ప్రకటించారు.

అందరూ కూర్చున్నా ఆ పిల్ల కూర్చోలేదు. వేదిక వైపే చూస్తూ నిలబడి ఉంది. కూర్చోమని టీచర్లు సైగలు చేశారు. అప్పుడు ఎవరో కప్పలా అరిచారు. పిల్లల వైపు నుంచి కాదు, ముందు వరుసల్లోంచే.