అరవై రెండు ఫ్లాట్ల అభ్యంతరం

"పేదలంటే మన అపార్టుమెంటుకు ప్రాణం! వాళ్ళొచ్చి ఇలాంటి ఇరుకు చోట ఇబ్బంది పడుతుంటే మనం చూస్తూ ఊరుకోలేం!"

అపార్టుమెంటు సంఘం మీటింగులో అధ్యక్షుడుగారు ఈ మాట అని కాస్త ఆగారు. చప్పట్లు పడ్డాయి. టీ ట్రే పట్టుకుని వంటావిడ కూడా ఆగింది. చప్పట్లు కొట్టే చేతులు కప్పు అందుకోలేవు మరి.

ఇరుకు చోటంటే అపార్టుమెంటు వెనకున్న పాత బస్సు డిపో. ఐదెకరాలు. ప్రస్తుతం అందులో తుప్పు పట్టిన బస్సులు రెండు, కుక్కల కుటుంబం ఒకటి నివాసం ఉంటున్నాయి. అక్కడ తక్కువ ధరకు నాలుగు వందల చిన్న ఫ్లాట్లు కట్టి, ముందు ఒక బస్టాపు పెడదామని నగరపాలక సంస్థ అనుకుంది. అనుకున్న మర్నాటి నుంచే అపార్టుమెంటుకు ఊపిరాడటం మానేసింది.

మూడో అంతస్తు పెద్దమనిషి వెలుతురు పోతుందన్నారు. ఆయన కిటికీలకు వేసిన తెరలు పక్కకి జరిపి నాలుగేళ్ళయింది. ఐదో అంతస్తావిడ డిపోలో చిలకలున్నాయన్నారు. అంతవరకు చిలకని చూసినవాళ్ళు లేరు గాని, తీర్మానంలో రాయడం మొదలయ్యాక వాటి సంఖ్య నలభైకి చేరింది. ఇక బస్టాపు. నగరానికి బస్సులు చాలా అవసరమని అధ్యక్షుడుగారే ఒప్పుకున్నారు. అవి ఆగడం మాత్రం ఇంకెక్కడైనా ఆగాలన్నారు.

వంటావిడ అధ్యక్షుడుగారింట్లో ఆరేళ్ళుగా వంట చేస్తోంది. పొద్దున ఏడింటికి ఆ ఇంటి గంట నొక్కాలంటే ఐదున్నరకే తన ఇంటి గొళ్ళెం తీయాలి. రెండు బస్సులు మారాలి. అప్పటికి ఎనిమిదేళ్ళ కూతురు నిద్రలో ఉంటుంది. పిల్లకి జడలు వేసేది చూపు సరిగా ఆనని అత్తగారు. దాంతో ఒక జడ చెవి మీద, ఇంకొకటి మెడ మీద మొదలవుతాయి. ఆ పిల్ల జడలు సమానంగా ఉండేది ఆదివారాలే. బళ్ళో తోటిపిల్లలు దానికి 'తక్కెడ' అని పేరు పెట్టారు. వంటగది కిటికీలోంచి చూస్తే డిపో మొత్తం కనిపిస్తుంది. గిన్నె తోమిన ప్రతిసారీ వంటావిడ అక్కడ నాలుగు వందల ఫ్లాట్లు కట్టేది. ఒక దాంట్లో కూర్చుని జడలు వేసేది.

మీటింగు రోజు పొద్దునే పావుగంట ఆలస్యంగా వచ్చినందుకు అధ్యక్షుడుగారి భార్య, అంటే అమ్మగారు, కోప్పడ్డారు. "ఎక్కడో ఊరవతల కాపురం పెట్టి రోజూ ఈ బస్సుల కథలేమిటి? దగ్గర్లో ఎక్కడైనా ఉండచ్చు కదా?" అన్నారు. సాయంత్రం మీటింగులో తీర్మానాన్ని బలపరిచింది కూడా అమ్మగారే.

నగరపాలక సంస్థ నోటీసు వచ్చింది. అభ్యంతరాలుంటే బుధవారం పదింటికి వార్డు కార్యాలయంలో స్వయంగా హాజరై చెప్పాలి, వార్డులో ఉండేవాళ్ళయినా పనిచేసేవాళ్ళయినా రావచ్చు, హాజరైనవాళ్ళ మాటే లెక్కలోకి వస్తుంది అని అందులో ఉంది. చదివి అందరూ బరువుగా నిట్టూర్చారు. బుధవారం ఒకరికి పంటి డాక్టరు, ఒకరికి యోగా, ఒకరికి ఆఫీసు. ఏమీ లేనివాళ్ళకు ఎండ.

అయితే ఆ అపార్టుమెంటుకు ఒక పద్ధతి ఉంది. నిలబడాల్సిన పని, కాచుకోవాల్సిన పని ఎప్పుడొచ్చినా వాళ్ళు మనిషిని పంపిస్తారు. ఆసుపత్రి టోకెన్ల దగ్గర, కరెంటాఫీసు వరసలో, ఆఖరికి కుక్కని షికారు తిప్పడానికీ మనిషినే పంపిస్తారు. నిరసనకి మాత్రం ఎందుకు పంపకూడదు? ఇంటికొకరు చొప్పున అరవై రెండు ఇళ్ళ నుంచి వంటవాళ్ళు, డ్రైవర్లు, ఆయాలు, గిన్నెలు తోమేవాళ్ళు బయల్దేరారు. చేతిలో 'వీరు నా తరఫున వస్తున్నారు' అన్న చీటీ, మెడలో 'మా గాలి మాకు కావాలి' అన్న అట్ట. అధ్యక్షుడుగారు ఒక్కరే స్వయంగా వచ్చారు. ఉపన్యాసం ఉంది కనక.

నమ్మకస్తురాలని వంటావిడని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడకి మూడు వాక్యాలు నేర్పారు. రెండు రోజులుగా కూరలు తరుగుతూ ఆవిడ వాటిని బట్టీ పట్టింది. 'పర్యావరణం' దగ్గర నాలుక మడతపడుతోంది.

వార్డు అధికారిణి చీటీలన్నీ చూసి పక్కన పెట్టేసింది. "ఇవి చెల్లవు. ఇక్కడ ఎవరికి వాళ్ళే లెక్క. రిజిస్టర్లో మీ మీ పేర్లే రాయండి" అంది. అధ్యక్షుడుగారు చలించలేదు. పేర్లు ఎవరివైతేనేం, చేతులెత్తేది తనకే కదా! దగ్గరుండి ఒక్కొక్కరిచేతా రాయించారు. తర్వాత ముప్పావుగంట మాట్లాడారు. మా అపార్టుమెంటులో పనిచేసే నిరుపేదలు కూడా ఈ ఫ్లాట్లు వద్దంటున్నారు, కావాలంటే అడిగి చూడండి అని ముగించారు.

అడిగి చూడమన్నాక అధికారిణి అడిగింది.

"అమ్మా, మీరు ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

ఈ ప్రశ్న బట్టీ పట్టినవాటిలో లేదు. వంటావిడ చెప్పింది.

"ఎంతసేపు పడుతుంది?"

"వచ్చేటప్పుడు గంటన్నరండి. పోయేటప్పుడు రెండు గంటలు."

"డిపోలో ఇల్లుంటే?"

"ఐదు నిమిషాలండి. సందు దాటడమే."

"మరి మీ అభ్యంతరం ఏమిటి?"

వంటావిడ వాక్యాల కోసం వెతుక్కుంది. మూడూ నోటిదాకా వచ్చాయి. పక్కనే అధ్యక్షుడుగారు గొంతు సవరించుకున్నారు. ఆ గొంతులో ఆవిడ నెలజీతం ఉంది, పిల్ల బడి ఉంది. కానీ జడలు కళ్ళముందుకు వచ్చాయి, ఒకటి పైన, ఒకటి కింద. మెడలోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"అభ్యంతరం ఇందులో ఉందండి. ఇది అమ్మగారిది. నాకైతే ఏమీ లేదు."

వెనక వరసలోంచి డ్రైవరు, "అక్కా, నాదీ పెట్టెయ్" అని తన అట్ట అందించాడు. ఆ తర్వాత అట్టల కోసం ఇంకో బల్ల తెప్పించాల్సి వచ్చింది. గుమాస్తా రాసుకున్నాడు: హాజరు అరవై మూడు, అభ్యంతరం ఒకటి.

ఆ సాయంత్రం కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై అరవై రెండుమందినీ ఒకేసారి పనిలోంచి తీసెయ్యాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది. మర్నాడు పొద్దున గిన్నెలెవరు తోముతారని ఐదో అంతస్తావిడ అడిగారు. నిర్ణయాన్ని నిరవధికంగా వాయిదా వేశారు. అధ్యక్షుడుగారింట్లో మూడు వారాలపాటు వంటావిడతో ఎవరూ మాట్లాడలేదు. వంట మాత్రం తిన్నారు.

రెండేళ్ళలో ఇళ్ళు లేచాయి. వార్డులో పనిచేసేవాళ్ళలో, ఆనాటి రిజిస్టర్లో పేరున్నవాళ్ళకే ముందు ఇచ్చారు. ప్రారంభోత్సవం ఎర్రటి ఎండలో పెట్టారు. మంత్రిగారు వస్తున్నారు, ఫోటోలుంటాయని తెలిసింది. ఆ రోజు మాత్రం అపార్టుమెంటు మనిషిని పంపలేదు. అరవై రెండు కుటుంబాలూ స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాయి. పేదల గూడు కోసం ఈ అపార్టుమెంటు సాగించిన సుదీర్ఘ పోరాటం గురించి అధ్యక్షుడుగారు గంటసేపు మాట్లాడారు. చిలకల ప్రస్తావన రాలేదు. తాళాలు పుచ్చుకోవాల్సినవాళ్ళు కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు.

వంటావిడ తాళం అందుకుని వేదిక దిగుతుంటే అమ్మగారు ఎదురొచ్చి ఆప్యాయంగా భుజం తట్టారు.

"మొత్తానికి సాధించి పెట్టాం నీకు. ఐదు నిమిషాల దూరమేగా, రేపట్నుంచి పొద్దున ఐదింటికల్లా వచ్చెయ్. అయ్యగారికి వాకింగుకి ముందే టీ కావాలి."

వంటావిడ తాళాన్ని కొంగున ముడి వేసుకుంది. ముడి గట్టిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.

"ఎనిమిదింటికి వస్తానమ్మగారూ. పొద్దునపూట పాపకి జడలు వెయ్యాలి" అంది నెమ్మదిగా. "అయినా ఐదింటికే కావాలంటే చెప్పండి, నా తరఫున ఎవరినైనా పంపిస్తాను. చీటీ కూడా రాసిస్తాను."