పళ్ళసెట్టాయన గేమ్ డబ్బా

మధ్యాహ్నం రెండింటికల్లా గేమ్ డబ్బా అరచేతుల్లోకి వచ్చి తీరాలని పళ్ళసెట్టాయన పొద్దున్నే మొహం కడుక్కుంటూ తీర్మానించేసుకున్నాడు. కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. ముప్ఫై రెండు పళ్ళని వరస తప్పకుండా నిలబెట్టేవాడికి, టీవీకి తగిలించే డబ్బాని చేతిలో పట్టేలా కుదించడం ఒక లెక్కా?

అవసరం అలాంటిది. భార్య కాలికి కట్టుతో మేడమీద గదిలో ఉంది. టీవీ కింద హాల్లో ఉంది. సాయంత్రం ఐదింటికి ఆవిడ తమ్ముడు వస్తాడు. ఏటా ఇదే రోజున ఆ డబ్బా మీద అక్కాతమ్ముళ్ళకి కారు రేసు పందెం. ఓడినవాళ్ళు ఏడాది పొడుగునా గెలిచినవాళ్ళని "గురువుగారూ" అని పిలవాలి. తను ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ణి ఆవిడ ఆరేళ్ళుగా గురువుగారూ అంటోంది. ఈసారి ఆడకపోతే ఓడినట్టే.

"దాన్ని పాడుచేశారో, ఊరుకోను," అంది భార్య.

"నా చెయ్యి పడ్డాక పాడైందేదైనా ఉందా?"

ఆవిడ మర్యాదకి కిటికీ వైపు చూసింది.

పదింటికల్లా డబ్బా విప్పి, లోపలి బోర్డుని అక్కర్లేనిచోట కోసేశాడు. కారు వెనక్కి తీసేటప్పుడు వెనకేముందో చూపించే చిన్న తెరని ఊడదీసి దానికి బిగించాడు. బ్యాటరీ తగిలించగానే తెరమీద రేసుకారు మెరిసింది. ఇక మిగిలింది పిడులు. "నీ చేతులకి కొలిచినట్టుండాలి," అంటూ రెండు ప్లాస్టర్ ముద్దలు భార్య చేతుల్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు.

ఇక్కడే తప్పులో కాలేశాడు మహానుభావుడు. రోగి నోట్లో అచ్చు తీసేది డాక్టరు. ఈయన పనంతా ఆ అచ్చు లాబ్‌కి వచ్చాకే. ప్రాణమున్న ఒంటికి ముందు వాసలీన్ రాయాలన్న సంగతి ఆయనకి ఎన్నడూ తెలియాల్సిన అవసరం రాలేదు.

"ఏమండీ, రావట్లేదు."

"లాగు."

"చేతులు ఊడొస్తాయేమో గానీ ఇది రాదు!"

అప్పుడే టీ తెచ్చిన ఆయన తల్లి కోడలి కాలు చూసింది, చేతులు చూసింది. "అయ్యో, చేతులు కూడా పోయాయా తల్లీ!" అంటూ కిందికి పరిగెత్తి కోడలి తమ్ముడికి ఫోన్ చేసేసింది.

ప్లాస్టర్ కోసే చిన్న రంపం లాబ్‌లో ఉంది. ఆయన కారెక్కి, వెనక్కి తీస్తూ అలవాటుగా తెరవైపు చూశాడు. తెర ఉండాల్సిన చోట కన్నం ఉంది. గేటు మాత్రం తన చోటే ఉంది. పెద్ద చప్పుడైంది. కారుని అక్కడే వదిలేసి, ఊరవతలున్న లాబ్‌కి నడిచివెళ్ళి రంపం తెచ్చుకునేసరికి మూడైంది.

బావమరిది అప్పటికే వంగిన గేటు దాటుకుని మేడమీదికి చేరాడు. "కారు గుద్ది మా అక్క చేతులు విరగ్గొట్టావా బావా?" అని మీదికొచ్చాడు. వీధిలోవాళ్ళు నలుగురు వెనకే ఎక్కొచ్చి, "నిజమే, కారు చూశాం," అని సాక్ష్యం చెప్పారు.

"గేటు తరవాత, చేతులు ముందు!" అని ఆయన మొత్తుకున్నాడు. దాంతో అందరికీ అనుమానం ఇంకా పెరిగింది.

"అయ్యిందా మీ గోల?" అని గదమాయించింది భార్య. "ఐదింటికి పందెం ఉంది. జరగండి!"

రంపం చేతికొచ్చాక మాత్రం ఆయనకి తిరుగులేదు. చర్మానికి గీత పడకుండా అచ్చుల్ని రెండేసి చెక్కలుగా విడదీశాడు. లోపల ఒక్కొక్క వేలి గుర్తూ స్పష్టంగా పడింది. వాటికి ఎదురచ్చు తీసి, అందులో తన దగ్గరున్న ఏకైక ప్లాస్టిక్, కట్టుడుపళ్ళకి వాడే చిగుళ్ళరంగుది పోసి, పిడులు బిగించేసరికి ఐదుకి పది నిమిషాలు తక్కువ.

ముందు తమ్ముడు ఆడాడు. పిడుల మీది వేలిగుంటల్లో అతని లావుపాటి వేళ్ళు ఇమడలేదు, బొటనవేలు బ్రేకు బటన్‌కి అందలేదు. కారు మూడుసార్లు గోడని ముద్దాడింది. అక్క చేతుల్లో అదే కారు వెన్నలా జారిపోయింది.

"అన్యాయం! అది నీ చేతులకే పోశారు!"

"ఐదుగంటలు రాయిలా కూర్చున్నది కూడా నేనే. ఏదీ, అను."

"గురువుగారూ," అని నమిలాడు తమ్ముడు. ఆవిడకి సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ చిగుళ్ళముక్క నా కొంపలో ఉండడానికి వీల్లేదు," అని తల్లి రాత్రి భోజనం దాకా సణుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే రెండు చేతులకీ వాసలీన్ పూసుకుని వచ్చి కొడుకు ముందు కూర్చుంది.