తోడల్లుడి తాగుడు

ఆ ఉదయం ఫ్రేముల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఎక్కడో కలుసుకుంటారట. పనిలోకి వెళ్ళే దారిలో ఆ చోటెక్కడో కనుక్కోవాలి, మూడో కంటికి తెలియకుండా వెళ్ళి కూర్చోవాలి. పటాలకు అద్దాలు కోయడం అతని పని. అద్దం మీద గీత గీసేటప్పుడు చెయ్యి వణక్కూడదు. అతనికి వణుకుతోంది. వణుకు తగ్గడానికి పొద్దున్నే ఒక గుక్క, ఆ గుక్క పుణ్యమా అని మర్నాటికి మరింత వణుకు. నిన్న ఎవరిదో పెళ్ళి ఫోటో మీది అద్దం అడ్డంగా పగిలింది. యజమాని తిట్టలేదు, "ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఈ చేతులు పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని అతనికి భయం పట్టుకుంది.

"తాగుడు మానడానికి మీటింగులేవో జరుగుతాయటగా?" అని మందుల షాపాయన్ని అడిగాడు.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఎవరికి?"

నోటిదాకా వచ్చిన నిజం అక్కడే బిగుసుకుపోయి, దాని బదులు ఇంకోటి ఊడిపడింది. "మా తోడల్లుడికి."

తోడల్లుడు స్కూలు మాస్టారు. కాఫీ కూడా ముట్టడు, ముట్టేవాళ్ళను సుఖంగా ముట్టనివ్వడు. ఇంతమంది బంధువుల్లో ఆయనే చప్పున నోటికి రావడానికి కారణం ప్రేమ కాదని వేరే చెప్పక్కర్లేదు.

"అయ్యో పాపం. లైబ్రరీ మేడమీద గదిలో, ఆదివారం పొద్దున," అన్నాడు షాపాయన. జాలిగుండె మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం మాస్టారి భార్య, అంటే మేస్త్రికి వదిన, మొగుడికి దగ్గుమందు కొనడానికి వచ్చింది. షాపాయన సీసా తీశాడు, ఆలోచించాడు, మళ్ళీ అరలో పెట్టేశాడు.

"వద్దమ్మా. ఇందులోనూ అది కాస్త ఉంటుంది. మీరు ధైర్యంగా ఉండాలి."

"దేనికండీ ధైర్యం?"

"మీ మరిదిగారు అంతా చెప్పారు."

వదిన ఏడుస్తూ పుట్టింటికి ఫోన్ చేసింది. మర్నాడు మామగారు అందర్నీ తన ముందుగదిలో కూర్చోబెట్టారు.

"నేను తాగడమేమిటి!" అని మాస్టారు అంతెత్తున లేచారు.

"తాగేవాళ్ళందరూ ముందు ఇదే అంటారు," అన్నారు మామగారు.

"ఒట్టేసి చెప్తున్నా!"

"తర్వాత ఇది."

కోపంతో మాస్టారి చేతులు వణికాయి. "నాన్నా, ఆ చేతులు చూడండి!" అని వదిన బావురుమంది. మేస్త్రి తన చేతులు జేబుల్లోకి తోసేసుకున్నాడు.

"మామగారూ, అసలు సంగతేంటంటే..." అని నసిగాడు.

"నువ్వు చెప్పకు బాబూ. తోడల్లుణ్ణి వెనకేసుకొస్తావని తెలుసు. ఇన్నేళ్ళూ నీ విలువ తెలుసుకోలేకపోయాను."

పెళ్ళైన నాటినుంచీ ఆ నోట తన గురించి ఒక్క మంచిమాట వినలేదు మేస్త్రి. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, పాడు మనసు కాస్త పొంగింది.

ఆదివారం కుటుంబమంతా లైబ్రరీ మెట్లెక్కింది. మీటింగు నడిపేది ఒక రిటైరైన బస్సు కండక్టరు. "మానాలనుకునేవాళ్ళు లోపలికి, తోడొచ్చినవాళ్ళు బయట బల్ల మీద," అని పాత అలవాటు కొద్దీ జనాన్ని సర్దాడు. మాస్టార్ని లోపలికి తోశారు. మేస్త్రిని మామగారు పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నారు.

ఓరగా తెరిచిన తలుపులోంచి ఎవరిదో గొంతు వినబడుతోంది. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాక, పెళ్ళానికి కనబడకుండా గోడవైపు తిరిగి నిలబడేవాడినని చెబుతున్నాడు. మేస్త్రి తలుపు సందులోంచి లోపలికి చూశాడు. ఆ గదిలో ఉండాల్సింది తను. తన కుర్చీలో మాస్టారు మొహం మాడ్చుకుని కూర్చున్నారు. ఇక ఉండబట్టలేక, లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"తాగేది ఆయన కాదండీ. నేను. రోజూ తాగుతాను. మానడం నా వల్ల కావడం లేదు."

"విన్నారా? ఇప్పటికైనా విన్నారా?" అని మాస్టారు గంతేశారు.

మామగారు కళ్ళు తుడుచుకున్నారు. "తోడల్లుడి పరువు కోసం ఎంతకి తెగించాడో చూడండి!"

కండక్టరు మాత్రం మాటలు పట్టించుకోకుండా మేస్త్రి చేతులకేసి చూశాడు. "ఈయన భార్య మీరేనా అమ్మా? ఈయన తాగుతారా?"

ఆమె మొగుడి వంక చూడలేదు. "వాసన కూడా చూడరండీ," అంది.

మెట్ల మలుపులో మేస్త్రి ఆమెను ఆపాడు. "నీకు నిజంగా తెలీదా?"

"సీసాలు పారేసి వచ్చేది నేనైతే నాకు తెలీదంటారేంటి? పెళ్ళైన కొత్తలోనే తెలిసింది."

"మరి?"

"మా ఆయన చుక్క ముట్టడు, చుక్క ముట్టడు అని అక్క ఇన్నేళ్ళూ నా మొహం మీదే అంటుంటే నవ్వి ఊరుకున్నా. మొన్న అది నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. నాన్న మిమ్మల్ని బాబూ అన్నాడు. కొన్నాళ్ళు నన్నిలా బతకనివ్వండి."

"మరి నా చేతుల సంగతో?"

"ఇన్నేళ్ళు నేను ఆగలేదూ?"

అతనికి కోపం రావాలి. రాలేదు. ఆమెను ఇంత చేదుగా మార్చింది తనేనని తెలిసి ఏడుపొచ్చింది.

తప్పు ఒప్పుకుంటే గానీ గడప తొక్కనివ్వనని వదిన పట్టుబట్టడంతో మాస్టారు ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మేస్త్రి ఆయన్ని జాగ్రత్తగా మేడెక్కించి, మామగారి పక్కన బల్ల మీద కూర్చుంటాడు. లోపల, జన్మలో చుక్క ముట్టని మనిషి ఈ వారం కూడా తాగలేదని అందరూ చప్పట్లు కొడతారు.