అడుగు ఏ వైపుకి

శనివారం ఉదయానికి ఆర్లిస్ వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. ఆరింటికి లేవడం, ప్రార్థన చేసుకోవడం, భార్యకు అన్నయ్య అయిన గార్త్‌ను ట్రక్కు ఎక్కించుకుని కొండదారిన వెళ్ళడం, మంచులో కొండ సింహం, అంటే ప్యూమా, జాడ పట్టడం, కుక్కలను వదలడం, పదకొండింటికల్లా తిరిగి వచ్చి చర్చి కింది హాల్లో సూపు భోజనాలకు కుర్చీలు వెయ్యడం. సింహానికీ కుర్చీలకూ మధ్య బట్టలు మార్చుకోవడానికి పావుగంట కూడా కేటాయించాడు.

ఆర్లిస్‌కు యాభై రెండేళ్ళు. వారమంతా బడి బస్సు నడుపుతాడు, ఆదివారం చర్చిలో డీకన్, అంటే పాస్టరుకు సాయపడే పెద్ద. అతని చేతిలో ఇంతవరకు చచ్చిన అతి పెద్ద జంతువు బస్సు కింద పడిన ఒక ఉడుత. దానికి కూడా రెండు ఆదివారాలు క్షమాపణ వేడుకున్నాడు. వేటకు పేరుపడ్డ ఐడహోలో పుట్టి, వేట రాకుండా ఇంత వయసు వచ్చినవాడు ఆ లోయలో ఇంకొకడు లేడని గార్త్ ప్రతి పండగ భోజనంలోనూ అందరికీ గుర్తు చేస్తుంటాడు.

గార్త్ ముప్పై ఏళ్ళు కుక్కలతో సింహాలను తరిమి చెట్టెక్కించిన మనిషి. ఈ శీతాకాలం మోకాలు విరిగింది. ఇక కొండ ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి జూబిలీ, టక్ అనే ఆ రెండు వేటకుక్కలను సాయంత్రాలు షికారు తిప్పేది ఆర్లిస్. నిజానికి అతనికి సింహం మీద పెద్ద ఆశ లేదు. ఉన్నదంతా కుక్కల మీదే. షికారు అయ్యాక జూబిలీ అతని బూటు మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. అతను కాలు తిమ్మిరెక్కేదాకా అలాగే నిలబడతాడు.

"బావా, నీకు ఒక్క రోజు ఇస్తున్నా," అని గార్త్ ముందే చెప్పాడు. "సరిగ్గా నడిపించావా, కుక్కలు నీవి. తప్పు చేశావా, పక్క రాష్ట్రం మోంటానాలో ఒకతను వాటిని అడుగుతున్నాడు. సోమవారం వచ్చి పట్టుకుపోతాడు."

ఊరికి మూడు మైళ్ళ దూరంలో, రోడ్డుకు అడ్డంగా జాడ కనిపించింది. అర్ధరాత్రి దాకా మంచు కురిసింది, తరవాత గాలి వీచింది. అరచేతంత గుంటలు ఒక వరసలో ఉన్నాయి కాని, సగం పూడిపోయాయి. గార్త్ ట్రక్కులోంచి దిగలేక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"వేళ్ళు కనిపిస్తున్నాయా?"

ఆర్లిస్ మోకాళ్ళ మీద వంగి చూశాడు. వేళ్ళు కాదు కదా, అది కాలో గరిటో కూడా తెలియడం లేదు. ఒకచోట అడుగు ఈడ్చిన గీత ఉంది. ఆ గీత అడుగుకు ముందుంటుందా, వెనకుంటుందా అన్నది కొత్త వేటగాళ్ళ పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ పుస్తకం ఇంట్లో ఉంది.

"కనిపిస్తున్నాయి," అన్నాడు.

"ఎటు?"

"కిందికి."

ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. పైకి అంటే కొండ ఎక్కాలి. బహుశా ఆ మాట చెప్పింది అతని మోకాళ్ళు.

"చూసుకో మరి. ఎదురు జాడ మీద వదిలావంటే అది ఎక్కడికి పోయిందో కాదు, ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకుంటాయి. నా కుక్కలకి అంత అవమానం ఇంతవరకు ఎవడూ చెయ్యలేదు."

"నాకు తెలుసు బావగారూ," అన్నాడు ఆర్లిస్. అది రెండో అబద్ధం.

కుక్కలు జాడ వాసన చూశాయి. ఒకసారి కొండ పైకి చూశాయి, ఒకసారి ఆర్లిస్ ముఖంలోకి చూశాయి. ఆ ముఖాన్ని నమ్మి కిందికి పరుగెత్తాయి.

గార్త్ చేతిలో కుక్కల మెడపట్టీల ఆచూకీ చూపించే చిన్న యంత్రం ఉంది. ఇరవై నిమిషాలు దాన్నే చూసి, తల ఎత్తాడు. "బావా, ఊరి వైపు పోతున్నాయి. సింహం ఊళ్ళోకి దిగింది. శనివారం, పిల్లలంతా వీధుల్లో ఉంటారు." అని వెంటనే అటవీ అధికారిణి వెల్డాకు ఫోన్ చేశాడు. వెల్డా అగ్నిమాపక కేంద్రానికి చెప్పింది. వాళ్ళు సైరన్ మోగించారు. ఊళ్ళో తలుపులన్నీ మూసుకోవడం మూడు మైళ్ళ దూరానికి వినిపించిందనిపించింది ఆర్లిస్‌కు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గార్త్ అతని భుజం తట్టాడు.

"నువ్వు వేళ్ళు చూశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఊరికి తెలిసేదే కాదు. శభాష్ బావా."

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అది మొదటి మెచ్చుకోలు. ఆర్లిస్ నోరు మూసుకున్నాడు. సాయంత్రం దాకా ఆగితే అన్నీ కలిపి ఒక్కసారే ఒప్పుకుంటానని దేవుడికి మనసులో విన్నవించుకున్నాడు. దేవుడు పాపాలను టోకున తీసుకుంటాడో లేదో అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళు ఊళ్ళోకి వచ్చేసరికి కుక్కలు చర్చి వంటగది వెనక, చెత్త పీపాల దగ్గర, తలుపు కేసి మొరుగుతున్నాయి. గార్త్ కర్ర ఊతంగా కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, "ఎవరూ కదలకండి, సింహం ఇక్కడే ఉంది," అన్నాడు. దాంతో అందరూ కదిలారు. ఇరవైమంది ఆడవాళ్ళు బల్లలెక్కారు. పాస్టర్ లూమిస్ "భయపడకుడి" అంటూ అందరికంటే ముందు పియానో ఎక్కారు. ఆర్లిస్ భార్య నెటీ మాత్రం గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడింది.

"ఇక్కడ ఏ సింహమూ లేదన్నయ్యా. ఉంటే ఈ పాటికి నాకెవరూ సాయం చెయ్యడం లేదని సణిగేదాన్ని కాదు, దానికే గిన్నెలు తోమమని ఇచ్చేదాన్ని."

వెల్డా తుపాకీతో వచ్చింది. పొయ్యిలన్నీ ఆర్పమంది. సరుకుల గది తలుపు తను తెరుస్తానని, ఊళ్ళో ఎవరూ చీకటి పడేదాకా బయటికి రాకూడదని చెప్పింది. ఆర్లిస్ బల్లల వంక చూశాడు. ఎనభై నాలుగేళ్ళ హాస్కిన్స్ మామ్మ, రెండు తుంట్లూ అరిగిపోయిన మనిషి, బల్ల మీద నిలబడి గోడను రెండు చేతులతో పట్టుకుని వణుకుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తోంది. అక్కడ లేని సింహం నుంచి కాపాడమని అడిగే ప్రార్థన ఎక్కడికి పోతుంది అనిపించింది అతనికి. అంతకంటే ఆలోచించలేకపోయాడు.

"నేను వేళ్ళు చూళ్ళేదు," అన్నాడు పైకి.

బల్లల మీది తలలన్నీ అతనివైపు తిరిగాయి.

"ఏ వేళ్ళు బ్రదర్?" అని పియానో మీంచి పాస్టర్ అడిగారు.

"సింహం కాలి వేళ్ళు. కనిపించలేదు. కనిపించాయని చెప్పా. అది ఇక్కడికి రాలేదు. కుక్కలు ముందు కొండ వైపే చూశాయి, ఇటునుంచి అటే పోయి ఉంటుంది. కుక్కలు దాని వెనకటి జాడ పట్టుకొచ్చాయి. తప్పు వాటిది కాదు, నాది."

వెల్డా బయటికి వెళ్ళి, చూరు కింద గాలి తగలని చోట మంచు చూసి వచ్చింది. "నిజమే. నాలుగు వేళ్ళూ కొండ వైపే."

గార్త్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "సోమవారం మోంటానా అతను వస్తాడు," అన్నాడు అంతే. ఆర్లిస్ తల వంచుకుని హాస్కిన్స్ మామ్మను బల్ల మీంచి దించాడు. ఆమె దిగుతూ అతని చెవి పట్టుకుని గట్టిగా మెలేసింది.

ఈలోగా కుక్కలు ఎవరికోసమూ ఆగలేదు. వాటికి ఒప్పుకోవడానికి ఏ నేరమూ లేదు. రెండు వీధుల అవతల నుంచి వాటి అరుపు వినిపించింది. ఈసారి అదే పనిగా, ఒకేచోట నిలబడి అరిచే అరుపు. వెల్డా, గార్త్, ఆర్లిస్, వాళ్ళ వెనక గరిటెలతో సహా ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పాస్టరు, అందరూ అటు వెళ్ళారు.

కుక్కలు గార్త్ సొంత గడ్డికొట్టంలో ఉన్నాయి. అటకకు వేసిన నిచ్చెన మీద ముందుకాళ్ళు పెట్టి పైకి మొరుగుతున్నాయి. పక్కనే వాటి పడక.

"ఆకలేసి ఇంటికొచ్చేశాయి పాపం," అన్నాడు గార్త్.

వెల్డా తుపాకీ ముందుకు పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. కాసేపటికి తల కిందికి పెట్టింది.

"గార్త్ గారూ, మీ గడ్డి మీద ఎవరు పడుకుంటున్నారు?"

"ఎవరూ పడుకోరే."

"నాలుగు పడకలున్నాయి. నిండా లేత గోధుమరంగు బొచ్చు. ఒక దుప్పి కాలు కూడా. నాలుగైదు రోజులుగా సింహం మకాం ఇక్కడే, కుక్కల నెత్తిమీద. తెల్లవారుజామున కొండకి వెళ్ళింది. రాత్రికి మళ్ళీ వచ్చేదే."

గార్త్ బోర్లించిన బాల్చీ మీద మెల్లగా కూర్చున్నాడు. కుక్కల వంక చూశాడు. చుట్టూ ఎంతమంది వింటున్నారో చూసుకున్నాడు. కాని ఆ రోజు ఊళ్ళో ఒప్పుకోలు గాలి వీస్తోంది.

"నాలుగు రాత్రుల్నించి మొరుగుతున్నాయి," అన్నాడు. "నోరుముయ్యమని కిటికీలోంచి బూటు విసిరా. రెండు బూట్లూ."

ఎవరూ నవ్వలేదు. నెటీ నోటికి గరిటె అడ్డం పెట్టుకుంది.

"జాడ సరైన వైపు పట్టుంటే మీరిద్దరూ కొండ మీద ఉండేవాళ్ళు," అంది వెల్డా నిచ్చెన దిగుతూ. "ఇది ఎవరికీ తెలిసేది కాదు."

గార్త్ కర్రతో నేల మీద గీతలు గీశాడు. "బావా, ఆ మోంటానా అతనికి నువ్వే ఫోన్ చెయ్యి. నా దగ్గర కుక్కలు లేవని చెప్పు."

"ఇవాళ్టికి అబద్ధాలు చాలు బావగారూ."

"అబద్ధమెందుకవుతుంది? నీ దగ్గరున్నాయిగా."

జూబిలీ వచ్చి ఆర్లిస్ బూటు మీద తల పెట్టింది. అతను కదలకుండా నిలబడే, వెల్డా అందించిన వేట నివేదిక కాగితం నింపాడు. కుర్చీలు ఎవరు వేశారో ఆ రోజు అతనికి తెలియలేదు. పేరు, ఊరు, వేటలో అనుభవం అన్న గడులు తేలిగ్గానే పూర్తయ్యాయి. సింహం దొరికిందా అన్నచోట కాసేపు ఆలోచించి, ఇక నిజమే రాయాలని నిశ్చయించుకుని, "దొరికింది, కాని నిన్నటిది" అని రాశాడు.