లోహిత్ కదలని సంవత్సరం

పరిచయాల ఆటల్లో ఇంతియాజ్ "స్టాట్యూ" అనగానే లోహిత్ చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. ఇంతియాజ్ "రిలీజ్" అనేలోపే బెల్లు మోగింది కాబట్టి ఏడాదంతా అలాగే ఉండిపోయాడు. విజయవాడ శివార్లలోని ఆ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో దీన్నెవరూ వింతగా చూడలేదు. స్టాట్యూ అన్నవాడే రిలీజ్ అనాలి, ఎవరు పడితే వాళ్ళు అంటే కుదరదు.

కొత్త పిల్లలు ఇంటిమీద బెంగ పెట్టుకోకుండా ఒకరికొకరు అలవాటు పడాలని ఆ కాలేజీ మొదటి రోజు ఒక గంట ఆటలకు కేటాయిస్తుంది. గంట కాగానే పిల్లల్ని మార్కుల ప్రకారం విడగొట్టి, అప్పుడే స్నేహం కుదిరినవాళ్ళను వేర్వేరు క్యాంపస్‌లకు బస్సెక్కిస్తారు. ఇంతియాజ్‌ను గన్నవరం పంపారు. బస్సు కిటికీలోంచి వాడు "రిలీజ్" అని గొంతు చించుకున్నాడు గానీ, గేటు దాటాక అన్న మాట చెల్లదని డీన్ ఉమాపతిరావు గారు తేల్చేశారు.

ఇద్దరు అటెండర్లు లోహిత్‌ను మోసుకెళ్ళి క్లాసులో గోడవార నిలబెట్టారు. అతని హాజరు నూటికి నూరు. పక్కవాడితో మాట్లాడడు, ఫోన్ అడగడు, వార్డెన్ తలుపు కొట్టకముందే మేలుకుని ఉంటాడు. కళ్ళు మాత్రం అటూ ఇటూ కదిలేవి. కుర్రతనం కదా అని చూసీచూడనట్టు వదిలేశారు. పరీక్షల్లో అతని పేపరు ఖాళీగా వెళ్ళేది. తప్పు జవాబుకు మైనస్ మార్కు ఉంది గనక, తెలివితేటలు చూపించబోయి సున్నా కిందికి జారిన సగం క్లాసు కంటే లోహిత్ ఎప్పుడూ పైనే ఉండేవాడు. దసరా నాటికి పై సెక్షన్‌కు మోసుకెళ్ళారు.

తల్లి సుభాషిణి నరసరావుపేట నుంచి నెలకో ఆదివారం వచ్చేది. మొదటిసారి గుండెలు బాదుకుని ఏడ్చింది. మార్కుల మెసేజ్‌లు మొదలయ్యాక నెమ్మదించింది. ఇంట్లో పుస్తకం తియ్యరా అంటే విసుక్కునే పిల్లాడు ఇప్పుడు పొద్దస్తమానం బోర్డు వైపే తిరిగి ఉన్నాడు. అంతకంటే ఏం కావాలి? వాడి మొహం తుడిచి, తల దువ్వి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళేది.

ఇంతియాజ్ మాత్రం కుదుటపడలేదు. తన నోటిమాటకు ఒకడు బందీ అయ్యాడన్న బాధ వాణ్ణి తినేసింది. బతిమాలగా బతిమాలగా ఫిబ్రవరిలో ఔటింగ్ దొరికింది. వచ్చేసరికి సుభాషిణి కొడుకు తల దువ్వుతోంది. డీన్ గారు పక్కనే ఉన్నారు.

"ఆంటీ, నేను ఇంతియాజ్‌ని. రిలీజ్ చెప్దామని వచ్చా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "నువ్వా బాబూ! కూర్చో, కారప్పూస తిను. ఎంసెట్ అయ్యాక చెబుదువుగానిలే."

"అప్పటిదాకా ఇలాగేనా ఆంటీ?"

"వాడికేం, బంగారంలా ఉన్నాడు. ఏం, మీ అమ్మకు నీ చదువు గురించి బెంగ లేదూ?"

విద్యాసంవత్సరం మధ్యలో విడుదలకు వీల్లేదని డీన్ గారు మర్యాదగానే చెప్పారు. పైగా, తమ పిల్లలకూ ఇంతియాజ్ చేత స్టాట్యూ చెప్పించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారన్నారు.

"రిలీజ్!" అని అరిచేశాడు ఇంతియాజ్.

లోహిత్ చెయ్యి కిందికి దిగింది. మెడ పటుక్కుమంది. మొదట తల్లివైపే చూశాడు. సుభాషిణి మొహంలో కళ తప్పింది.

"రేపటి టెస్టుకేమన్నా చదివావా నాన్నా?" అంది.

లోహిత్ ఇంతియాజ్‌ను పక్కకు లాగాడు.

"థాంక్స్ రా. మళ్ళీ స్టాట్యూ అను."

"పిచ్చా నీకు?"

"అమ్మ నన్ను చూసి ఇంత మురిసిపోవడం నేను పుట్టాక చూళ్ళేదురా. అను, ప్లీజ్."

లోహిత్ వెళ్ళి తల్లి పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఇంతియాజ్ ఏడుస్తూనే ఆ మాట అన్నాడు. సుభాషిణి గట్టిగా ఊపిరి పీల్చుకుని, కొడుకు పాపిడి సరిచేసింది.

కళ్ళు తుడుచుకుని ఇంతియాజ్ డీన్ గారి దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఎవరికి వాళ్ళు స్టాట్యూ చెప్పుకుంటే చెల్లుతుందా?"

"భేషుగ్గా చెల్లుతుంది," అన్నారాయన వాడి భుజం తట్టి. "మా బ్యాచ్‌లో అందరం అలాగే చెప్పుకున్నాం. రిలీజ్ చెప్పుకోవడమే ఎవరికీ గుర్తు రాలేదు."